వీధులు బాగుచేసిన షెపర్డ్ - బిల్లులు మోసిన ఇళ్లవారు

అమెరికా రాజధాని వాషింగ్టన్‌కు నేటి రూపం ఇచ్చిన వారిలో అలెగ్జాండర్ రోబీ షెపర్డ్ ముఖ్యులు. బురదలో కూరుకుపోయిన రాజధానికి మూడేళ్లలో రోడ్లు, మురుగు కాల్వలు, మంచినీటి గొట్టాలు, చెట్లు సమకూర్చిన ఘనత ఆయనది. నగర ఖజానాను దివాలా తీయించి, ఇళ్ల యజమానుల నెత్తిన బిల్లులు పెట్టి, చివరకు నగర ప్రజల ఓటు హక్కే పోవడానికి కారకుడయ్యారన్న అపకీర్తి కూడా ఆయనదే. ఇంటి ముందు రోడ్డు వేస్తే ఆ ఖర్చులో ఇంటివారు ఎంత భరించాలన్న ప్రశ్న ఎక్కడ తలెత్తినా ఆయన కథ గుర్తుంచుకోదగ్గది.

ప్లంబరు నుంచి పెద్దమనిషి దాకా

షెపర్డ్ 1835 జనవరి 30న వాషింగ్టన్‌లోనే పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి చనిపోవడంతో 13వ ఏట బడి మానేశారు. కొంతకాలం వడ్రంగి పని నేర్చుకుని, తర్వాత ఒక ప్లంబింగ్ సంస్థలో పనివాడుగా చేరారు. నీటి గొట్టాలు, గ్యాసు గొట్టాలు బిగించడం ఆ సంస్థ పని. కష్టపడి పైకి వచ్చి అందులో భాగస్వామి అయ్యారు, చివరకు యజమానీ అయ్యారు. 1861లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు మూడు నెలలు ఉత్తరాది సైన్యంలో పనిచేశారు. అదే ఏడాది నగర కౌన్సిల్లో అడుగుపెట్టారు. స్థలాలు కొని ఇళ్లు కట్టించి అమ్మే వ్యాపారంలోనూ బాగా గడించారు.

ఆనాటి వాషింగ్టన్ పేరుకు రాజధాని అయినా తీరుకు పల్లెటూరు. 1860లో 61 వేలున్న జనాభా యుద్ధం పుణ్యమా అని 1870 నాటికి లక్షా 9 వేలు దాటింది. సౌకర్యాలు మాత్రం పెరగలేదు. 1791లో ఫ్రెంచి ఇంజనీరు లాంఫాన్ గీసిన ప్లాను ప్రకారం పెద్ద వీధులు 160 అడుగుల వెడల్పు వరకు ఉండేవి. వానాకాలంలో అవి చెరువులు, ఎండాకాలంలో దుమ్ము దిబ్బలు. పందులు వీధుల్లో తిరిగేవి. నగరం మధ్యగా పారే పాత పడవల కాల్వ మురుగు గుంటగా మారింది. ఇలాంటి చోట రాజధాని ఎందుకు, సెయింట్ లూయీకి తరలించాలన్న వాదన బలంగా వినిపించసాగింది. రాజధాని పోతే నగరంలోని ఇళ్ల ధరలు ఏమవుతాయో షెపర్డ్‌కు ఎవరూ చెప్పనక్కరలేదు.

మూడో వంతు మించరాదు

1871 ఫిబ్రవరి 21న అమెరికా పార్లమెంటయిన కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. వాషింగ్టన్, జార్జిటౌన్ పట్టణాలను, చుట్టుపక్కల గ్రామీణ ప్రాంతాన్ని కలిపి ఒకే పాలన కిందకు తెచ్చింది. గవర్నరును దేశాధ్యక్షుడు నియమిస్తాడు. దిగువ సభను ప్రజలు ఎన్నుకుంటారు. వీధుల పనులు చూసేందుకు ఐదుగురు సభ్యుల ప్రజా పనుల బోర్డు ఏర్పడింది. ఆ సభ్యులూ అధ్యక్షుడు నియమించినవారే. బ్యాంకరు హెన్రీ కుక్ గవర్నరయ్యారు. షెపర్డ్ బోర్డుకు ఉపాధ్యక్షుడయ్యారు. పేరు కుక్‌ది, పెత్తనం షెపర్డ్‌ది. అందుకే జనం ఆయనను బాస్ షెపర్డ్ అన్నారు.

ఆ చట్టంలో ఇళ్లవారికి సంబంధించిన ముఖ్యమైన నిబంధన ఒకటి ఉంది. వీధిని బాగుచేస్తే దానిని ఆనుకుని ఉన్న, దానివల్ల ప్రత్యేకంగా లాభపడే స్థలాల యజమానుల నుంచి ఖర్చులో కొంత రాబట్టవచ్చు. అయితే ఆ భాగం మొత్తం ఖర్చులో మూడో వంతు మించరాదు. మిగతాది నగరం భరించాలి. రోడ్డు వల్ల ఇంటి విలువ పెరిగితే ఆ పెరుగుదలలో కొంత ఊరికి ఇవ్వడం న్యాయమన్నది దీని వెనుక ఉన్న సూత్రం. మన మున్సిపాలిటీల బెటర్‌మెంట్ చార్జీలకూ మూలం ఇదే.

ఉదాహరణకు ఒక వీధికి 9,000 డాలర్లు ఖర్చయిందనుకుందాం. మూడో వంతు అంటే 3,000. రెండు వైపులా ఇళ్ల కొలత కలిపి 1,000 అడుగులుంటే అడుగుకు 3 డాలర్లు పడుతుంది. వీధి వైపు 20 అడుగులున్న ఇంటివారు 60 డాలర్లు కట్టాలి. కట్టకపోతే ఆ బాకీ ఇంటి మీదే ఉంటుంది. చూడటానికి లెక్క సరిగానే ఉంది. మెలిక అంతా ఆ 9,000 ఎవరు తేలుస్తారన్న దానిలో ఉంది.

రాత్రికి రాత్రే పనులు

బోర్డు మొదట వేసిన అంచనా సుమారు 65 లక్షల 78 వేల డాలర్లు. ఇళ్లవారి వాటా పోగా 40 లక్షలు అప్పు తేవాలని నిర్ణయించారు. కొందరు స్థలాల యజమానులు కోర్టుకెక్కి అడ్డుకోబోయారు. ఆ ఏడాది నవంబరులో ఓటు పెడితే జనం అప్పుకు అనుకూలంగా తీర్పు ఇచ్చారు.

ఇక షెపర్డ్ ఆగలేదు. ఒక వీధి పూర్తయ్యాక మరొకటి కాక, నగరమంతా ఒకేసారి తవ్వించారు. సగంలో ఆపితే మళ్లీ మొదలుకాదన్నది ఆయన లెక్క. పాత మురుగు కాల్వను పూడ్పించారు. నేటి కాన్‌స్టిట్యూషన్ ఎవెన్యూలో ఒక భాగం దాని మీదే ఉంది. 1872 సెప్టెంబరులో ఒక రాత్రి నార్తర్న్ లిబర్టీ మార్కెట్టును మనుషులను పెట్టి కూల్చివేయించారు. కోర్టు నుంచి స్టే రాకుండా జడ్జిని ఆ సాయంత్రం ఊరి బయట తన ఇంటికి విందుకు పిలిచారని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ కూల్చివేతలో ఒక మాంసం వ్యాపారి, ఒక బాలుడు చనిపోయారు.

ఆయన పనుల్లో తెలివీ లేకపోలేదు. మితిమీరిన వెడల్పున్న వీధుల్లో మధ్య భాగానికి మాత్రమే రాయి, చెక్క పరిపించి, రెండు వైపులా ఇళ్ల ముందు పచ్చిక, చెట్లు పెంచే పద్ధతి పాటించారు. పరిచే మేర తగ్గితే ఖర్చూ తగ్గుతుంది, ఇంటివారి వాటా కూడా తగ్గుతుంది. ఆయన హయాం ముగిసే నాటికి 157 మైళ్ల రోడ్లు, కాలిబాటలు, 123 మైళ్ల మురుగు కాల్వలు, 39 మైళ్ల గ్యాసు గొట్టాలు, 30 మైళ్ల నీటి గొట్టాలు ఏర్పడ్డాయని లెక్క. నాటించిన చెట్లు 60 వేలు.

గడప కిందికి, మెట్లు పైకి

అయితే ఈ హడావుడిలో ఇళ్లవారి పాట్లు చెప్పనలవి కాలేదు. వీధుల మట్టం మార్చడంతో కొన్ని ఇళ్లు గుట్ట మీద గుడిసెల్లా పైన ఉండిపోయాయి. గడప చేరాలంటే నిచ్చెన కావలసివచ్చింది. మరికొన్ని ఇళ్ల గడపలు రోడ్డు కంటే కిందికి పోయి, వాన నీరు లోపలికి రాసాగింది. ఆ ఇబ్బంది పడినవారికే ఆ రోడ్డు బిల్లు కూడా వచ్చింది.

రోడ్డుకు పరచినవాటిలో చెక్క దిమ్మెలు చాలా ఉన్నాయి. కొద్ది ఏళ్లలోనే అవి కుళ్లిపోయాయి. ఇంటివారు డబ్బు కట్టిన రోడ్డు కళ్ల ముందే పాడయింది. ఆ కంట్రాక్టులు ఇచ్చిన తీరూ వివాదమయింది. డిగోల్యర్ అనే కంపెనీ చెక్క రోడ్ల కంట్రాక్టు కోసం కాంగ్రెస్ సభ్యుడు జేమ్స్ గార్‌ఫీల్డ్‌కు 5,000 డాలర్ల ఫీజు ఇచ్చిన సంగతి తర్వాత విచారణలో బయటపడింది. ఆ గార్‌ఫీల్డే 1881లో దేశాధ్యక్షుడయ్యారు.

మరో అన్యాయం కూడా ఉంది. నగరంలో భూములు, భవనాలు అత్యధికంగా ఉన్నది కేంద్ర ప్రభుత్వానికి. దాని ఆస్తికి పన్ను లేదు. దాని ముందున్న వీధుల ఖర్చుకు కాంగ్రెస్ ఇచ్చింది తక్కువ, అదీ ఆలస్యంగా. భారం మిగతా ఇళ్ల మీద పడింది. పన్ను కట్టేవారు సంతకాలు చేసి పంపిన అర్జీ మీద 1872లో కాంగ్రెస్ విచారణ జరిపింది. షెపర్డ్ బయటపడ్డారు. నగరం అప్పు మాత్రం కోటి డాలర్లు దాటరాదని హద్దు పెట్టారు.

ఖజానా ఖాళీ

1873 సెప్టెంబరులో దేశంలో ఆర్థిక సంక్షోభం వచ్చింది. గవర్నరు కుక్ అన్నగారి బ్యాంకు కూలిపోయింది. కుక్ రాజీనామా చేయగా, తన మిత్రుడైన షెపర్డ్‌ను అధ్యక్షుడు గ్రాంట్ గవర్నరుగా నియమించారు. అప్పటికే ఖజానాలో డబ్బు లేదు. కూలీలకు, ఉపాధ్యాయులకు జీతాలు ఆగిపోయాయి. చేతిలో రొక్కం లేని ఇళ్లవారు రోడ్ల వాటా కట్టలేకపోయారు. ఆ వాటాలను నమ్ముకుని బోర్డు జారీ చేసిన పత్రాల విలువ పడిపోయింది.

1874లో ఉభయ సభల సంయుక్త సంఘం మళ్లీ విచారణ జరిపింది. అప్పు దాదాపు రెండు కోట్ల డాలర్లకు చేరినట్లు తేలింది. షెపర్డ్ సొంతానికి డబ్బు తిన్నారని రుజువు కాలేదు. అయితే లెక్కాపత్రం లేని పాలన సాగిందన్నది స్పష్టమయింది. 1874 జూన్ 20న కాంగ్రెస్ ఆ ప్రభుత్వాన్నే రద్దు చేసి, ముగ్గురు కమిషనర్లను పెట్టింది. గ్రాంట్ వారిలో ఒకరిగా షెపర్డ్ పేరు పంపితే సెనేట్ భారీ ఆధిక్యంతో తిప్పికొట్టింది.

దీంతో నగర ప్రజలు తమ పాలకులను తాము ఎన్నుకునే హక్కు పోయింది. నల్లజాతి పురుషులకు అక్కడ ఓటు వచ్చి అప్పటికి ఏడేళ్లే అయింది. వారూ నష్టపోయారు. మళ్లీ నగర మేయరును ప్రజలు ఎన్నుకున్నది సరిగ్గా నూరేళ్లకు, 1974లో. ఈ దెబ్బకు ఒక మేలు కూడా జరిగింది. నగర ఖర్చులో సగం కేంద్రం భరించాలని 1878లో చట్టం వచ్చింది.

వెండి గనుల్లో శేష జీవితం

షెపర్డ్ 1876లో దివాలా తీశారు. 1880లో కుటుంబంతో సహా మెక్సికోలోని బటోపిలాస్ అనే కొండ ఊరికి వెళ్లి వెండి గనులు నడిపారు. 1887లో ఒకసారి వాషింగ్టన్ వచ్చినప్పుడు అదే జనం ఊరేగింపుతో స్వాగతం చెప్పారు. రోడ్లు, చెట్లు అప్పటికి కంటికి కనిపిస్తున్నాయి. బిల్లుల బాధ మరుగున పడింది. 1902 సెప్టెంబరు 12న ఆయన బటోపిలాస్‌లోనే కన్నుమూశారు. భౌతికకాయాన్ని వాషింగ్టన్ తెచ్చి రాక్ క్రీక్ శ్మశానంలో ఖననం చేశారు.

ఇళ్లవారి ప్రశ్నకు సమాధానం మరో ఊరి నుంచి వచ్చింది. ఒహాయో రాష్ట్రంలోని నార్‌వుడ్ గ్రామం ఒకామె స్థలం గుండా వీధి తీసింది. ఆమెకు ఇచ్చిన పరిహారాన్ని, కోర్టు ఖర్చులతో సహా, తిరిగి ఆమె మిగిలిన స్థలం మీదే వడ్డించింది. స్థలానికి కలిగిన ప్రత్యేక లాభాన్ని గణనీయంగా మించి వసూలు చేయడం పరిహారం ఇవ్వకుండా ఆస్తి లాక్కోవడమేనని 1898లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తర్వాతి తీర్పులు దీని పరిధిని కొంత తగ్గించినా, లాభమే కొలబద్ద అన్న మాట నిలిచింది.

వాషింగ్టన్ చట్టం వాటాకు హద్దు పెట్టింది కాని ఖర్చుకు పెట్టలేదు. మూడో వంతు అన్నది మారకపోయినా మొత్తం ఉబ్బితే మూడో వంతూ ఉబ్బుతుంది. అంచనా ముందుగా చూపడం, కొలతలు బయటపెట్టడం, వేసిన రోడ్డు నిలుస్తుందని పూచీ ఇవ్వడం లేకపోతే, ఎంత తక్కువ వాటా అయినా ఇంటివారికి రక్షణ కాదు.

షెపర్డ్ కాంస్య విగ్రహాన్ని 1909లో నగర పాలన భవనం ముందు నిలిపారు. 1979లో తొలగించారు. 2005లో మళ్లీ అదే చోటికి తెచ్చారు. మెచ్చుకోవాలో నిందించాలో ఆ నగరం ఒక పట్టాన తేల్చుకోలేకపోయింది.