ఒక సరళరేఖకై ఒక జీవితము

అంబర్‌పేట నుండి రామంతాపూరు మీదుగా తూర్పునకు పోయినచో ఉప్పల్ వచ్చును. అచట భారత సర్వేశాఖవారి శిక్షణాలయము కలదు. భూమిని కొలుచు విద్యను అభ్యసించుటకు దేశపు నలుమూలల నుండి విద్యార్థులు అచటికి వత్తురు. ఆ విద్యను ఈ దేశమున పెద్దయెత్తున నెలకొల్పిన విలియం లాంబ్టన్ తన కడపటి సంవత్సరములలో హైదరాబాదునే మకాముగా చేసికొనియుండెను.

ఆయన ఇంగ్లండునందలి యార్కుషైరులో సామాన్య కుటుంబమున జన్మించెను. సైనికుడై అమెరికాకు పోయి, కెనడా ప్రాంతమున పెక్కేండ్లు సర్వేపనిలో గడపెను. 1799లో శ్రీరంగపట్టణ యుద్ధమునకు వచ్చినపుడు, ఒక రాత్రి దండు దారితప్పగా నక్షత్రములను చూచి, దక్షిణమునకు గాక ఉత్తరమునకు, శత్రువుల వైపునకే పోవుచున్నామని తెలియజెప్పెను.

1802 ఏప్రిల్ 10న మద్రాసు చెంత సెయింట్ థామస్ మౌంటు వద్ద 100 అడుగుల ఉక్కు గొలుసుతో ఆధారరేఖను కొలువ నారంభించెను. 12 కిలోమీటర్ల ఆ రేఖకు సుమారు రెండు నెలలు పట్టెను. నేల వాలియున్నచోట ఆ వాలును గూడ కొలిచి, దూరమును సమతలమునకు సరిచేయవలసివచ్చెను. 1808లో తంజావూరు గోపురముపైకి ఎక్కించుచుండగా త్రాడు తెగి, అరటన్ను బరువు గల కోణమాపకము దెబ్బతినెను. ఆయన వారముల తరబడి కూర్చుండి దానిని స్వయముగా బాగుచేసెను.

ఇంతటి జాగ్రత్త ఎందులకు? భూమి ధ్రువముల వద్ద కొంచెము నొక్కుకొనియున్నది. కావున ఒక డిగ్రీ అక్షాంశపు పొడవు అంతటను ఒకటి కాదు. అక్షాంశపు సైను వర్గమును ఎక్స్ అనియు, అచటి డిగ్రీ పొడవును కిలోమీటర్లలో వై అనియు అనుకొన్నచో, బిందువులన్నియు ఇంచుమించు ఒక సరళరేఖపై నిలుచును. ఈనాటి లెక్క ప్రకారము ఆ రేఖ:

వై = 1.12 ఎక్స్ + 110.57

భూమధ్యరేఖ వద్ద ఎక్స్ సున్న. కావున వై-అంతరఖండమగు 110.57 అచటి డిగ్రీ పొడవు. వాలు 1.12, భూమి ఎంత నొక్కుకొన్నదో తెలుపునది ఇదియే. వై సున్నయైనచో ఎక్స్-అంతరఖండము సుమారు -98.7 వచ్చును. వర్గము ఋణసంఖ్య కానేరదు గనుక, అట్టి తావు భూమిపై లేదు.

వాలు కనుగొనుటకు రెండు బిందువులు చాలును. కాని అవి దగ్గరగా నున్నచో చిన్న తప్పు కూడ వాలును చెడగొట్టును. లాంబ్టన్ కొలిచిన చాపము 8 డిగ్రీల నుండి బీదరు ప్రాంతమున 18 డిగ్రీల వరకు సాగెను. ఆ రెండు చోట్ల డిగ్రీ పొడవులకు గల తేడా సుమారు 85 మీటర్లు మాత్రమే. అందుచే ఆయన తన కొలతలను ఫ్రాన్సు, ఇంగ్లండు, స్వీడను దేశముల కొలతలతో పోల్చెను. ఆ ఫలితములను 1818లో రాయల్ సొసైటీ ప్రచురించెను.

అనంతరము జార్జి ఎవరెస్టు హైదరాబాదులో ఆయనకు సహాయకుడుగా చేరెను. 1823 జనవరి 20న, నాగపూరునకు పోవుచు హింగన్‌ఘాట్‌లో లాంబ్టన్ మరణించెను. ఎవరెస్టు ఆ పనిని కొనసాగించి, 1830లో భూమి నొక్కుడును 300.8లో ఒక వంతుగా నిర్ణయించెను. నేటి విలువ 298.26లో ఒక వంతు.

నల్లబల్లపై రెండు బిందువులుంచి వాలు కనుగొనుటకు విద్యార్థికి ఒక నిమిషము చాలును. అందొక బిందువును నిలుపుటకు లాంబ్టన్ ఇరువది సంవత్సరములు ఎండలోను వానలోను నడచెను.