కట్టెలు మోసిన లా స్టూడెంట్



కరెంటును ఆంపియర్లలో కొలుస్తారని మీ పిల్లలు ఫిజిక్స్ పుస్తకంలో చదివే ఉంటారు. ఆ కొలతకు పేరు ఇచ్చిన శాస్త్రవేత్త ఆంపియర్. పారిస్‌లోని ఆయన ఇంట్లో 1831 చివర్లో ఒక లా స్టూడెంట్ వచ్చి చేరారు. వయసు 18. సొంత ఊరు లియోన్. పేరు ఫ్రెడరిక్ ఓజనాం. ఈ నెల ఆయన జీవితాన్ని మీతో పంచుకుంటున్నాను. సేవ అంటూ తిరిగితే చదువు దెబ్బతింటుందేమోనని మనలో చాలామందికి భయం ఉంటుంది. ఆ భయానికి ఈ జీవితంలో ఒక మంచి జవాబు ఉంది.

నాన్న నుంచి వచ్చిన అలవాటు

ఓజనాం 1813 ఏప్రిల్ 23న ఇటలీలోని మిలాన్‌లో పుట్టారు. ఆయన చిన్నతనంలోనే కుటుంబం ఫ్రాన్స్‌లోని లియోన్‌కు తిరిగి వచ్చింది. ఆ తల్లికి 14 మంది పిల్లలు పుడితే, పెరిగి పెద్దయింది కొద్దిమందే. నాన్న డాక్టరు. పేదల దగ్గర ఫీజు తీసుకోకుండా వైద్యం చేసేవారు. 1837లో ఒక పేద రోగిని చూడటానికి వెళ్లి, మెట్ల మీద నుంచి పడి ప్రాణం పోగొట్టుకున్నారు. పేదవాళ్లను ఆదుకోవాలని ఓజనాంకు ఎవరూ పాఠంలా చెప్పలేదు. ఇంట్లో చూస్తూ పెరిగారు.

ఒక ప్రశ్న

పారిస్‌లో ఓజనాం, ఆయన మిత్రులు ఒక చర్చా వేదికలో చేరారు. చరిత్ర, మతం, రాజకీయం మీద అక్కడ గట్టిగా వాదనలు జరిగేవి. చర్చి శతాబ్దాల పాటు సమాజానికి చేసిన మేలు గురించి ఓజనాం బాగా మాట్లాడేవారు. ఒకరోజు అవతలి పక్షం విద్యార్థి ఒకరు సూటిగా అడిగారు. పాత రోజుల్లో మీవాళ్లు ఏం చేశారన్నది సరే, ఇప్పుడు ఈ ఊళ్లో మీరేం చేస్తున్నారు అని.

ఆ ప్రశ్న గట్టిగా తగిలింది. అంతకు ముందు ఏడాదే, 1832లో, కలరా వచ్చి పారిస్‌లో సుమారు 18,000 మంది చనిపోయారు. కాలేజీకి నడిచి వెళ్లేంత దూరంలోనే తిండి లేని కుటుంబాలు ఉన్నాయి. ఓజనాం దానికి ఇంకో వాదనతో జవాబు చెప్పలేదు. తమ దగ్గర మిగిలిన వంటచెరకు తీసుకుని, ఒక మిత్రుడితో కలిసి ఒక పేదవాడి ఇంటికి మోసుకెళ్లారు.

1833 ఏప్రిల్ 23న, సరిగ్గా తన ఇరవయ్యో పుట్టినరోజున, ఆరుగురు విద్యార్థులు ఒక పత్రిక ఆఫీసులో సమావేశమయ్యారు. ఆ పత్రిక నడిపే ఎమ్మాన్యుయెల్ బాయీ వాళ్లకు పెద్దదిక్కుగా కూర్చున్నారు. మొత్తం ఏడుగురు.

నేర్పిన గురువు

మంచి మనసు ఉంది కానీ పని ఎలా చేయాలో ఆ కుర్రాళ్లకు తెలియదు. అందుకే సిస్టర్ రోజలీ రెండూ దగ్గరకు వెళ్లారు. మూఫ్తార్ అనే పేదల పేటలో ఆమె అప్పటికే ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్నారు. ఏ ఇంట్లో ఏ కష్టం ఉందో ఆమెకు తెలుసు. వెళ్లాల్సిన కుటుంబాల పేర్లు, రొట్టెకు, బొగ్గుకు చీటీలు ఆమే ఇచ్చారు. ఓపికగా వినాలని, ఎవరినీ తక్కువ చేసి చూడకూడదని కూడా నేర్పారు.

పద్ధతి చాలా సింపుల్. వారానికి ఒకసారి సమావేశం. ఇద్దరిద్దరుగా ఇళ్లకు వెళ్లడం. సమావేశం చివర ఒక సంచి చేతులు మారుతుంది. ఎవరెంత వేశారో పక్కవాళ్లకు కనబడదు. పేరు కోసం ఇచ్చే అవకాశమే లేదు.

అలా వెళ్లిన ఒక ఇంట్లో తాగి వచ్చి భార్యాబిడ్డలను కొట్టే మనిషి ఉన్నాడు. రొట్టె చీటీతో తీరే కష్టం కాదది. ఓజనాం తన లా చదువును అక్కడ వాడారు. వాళ్ల పెళ్లికి చట్టబద్ధత లేదని తేల్చి, ఆ తల్లి విడిపోవడానికి దారి చూపించారు. చందాలు వేసుకుని, ఆమెనూ చిన్నపిల్లలనూ బ్రిటనీలోని పుట్టింటికి పంపారు. పెద్ద కొడుకులకు బాయీ ప్రెస్సులో పని దొరికింది. ఇంటికి వెళ్లి కూర్చుని వినకపోతే ఈ సంగతి వాళ్లకు తెలిసేదే కాదు కదా!

మరి చదువు?

ఈ పని చేస్తూనే ఓజనాం 1836లో లాలో, 1839లో సాహిత్యంలో డాక్టరేట్లు పూర్తి చేశారు. 1840లో జరిగిన జాతీయ స్థాయి అధ్యాపక పోటీ పరీక్షలో మొదటి స్థానం ఆయనదే. ఆ తర్వాత సోర్బోన్‌లో ప్రొఫెసర్ అయ్యారు. పేదల ఇళ్లలో చూసినది క్లాసులోకీ వచ్చింది. సాయం చేస్తే సరిపోదు, పనిచేసేవాడికి న్యాయమైన కూలి కూడా అందాలి అని లియోన్‌లో వాణిజ్య చట్టం పాఠాల్లోనే చెప్పారు.

ఆరోగ్యం మాత్రం సహకరించలేదు. 1853 సెప్టెంబర్ 8న, 40 ఏళ్లకే, భార్య అమేలీని, ఎనిమిదేళ్ల కూతురు మరీని వదిలి వెళ్లిపోయారు. ఆ ఏడుగురు మొదలుపెట్టిన సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీ మాత్రం ఇప్పుడు మన దేశంతో సహా సుమారు 150 దేశాల్లో ఉంది. వారం వారం సమావేశం, ఇళ్లకు వెళ్లి పలకరించడం ఇప్పటికీ దాని పద్ధతే.

ఈ నెల మీ ఇంట్లో

డొనేషన్ బాక్స్‌లో వేయమని పిల్లల చేతికి ఒక నోటు ఇస్తాం. మంచిదే. కానీ ఆ డబ్బు ఎవరికి చేరిందో వాళ్లు చూడరు. మీ ఇంట్లో పనిచేసే ఆవిడ పిల్లలు ఎన్నో తరగతి చదువుతున్నారో మీ పాపకు తెలుసా? అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఊరేదో మీ బాబుకు తెలుసా? పక్క ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండే తాతయ్యను ఎప్పుడైనా పలకరించాడా?

ఈ నెలలో ఒక ఆదివారం, ఒక గంట. మీరూ పక్కన ఉండి, వాళ్లలో ఒకరి దగ్గర పిల్లలను కూర్చోబెట్టండి. ఫోటో వద్దు, స్టేటస్ వద్దు. వెళ్లేటప్పుడు ఏదైనా పట్టుకెళ్లండి, కానీ ముందు వాళ్లు చెప్పేది విననివ్వండి. సోమవారం టెస్ట్ ఉన్నా పర్వాలేదు. ఆ గంట వల్ల మార్కులు తగ్గవు.