భాస్వరపు జాడలో యల్లాప్రగడ సుబ్బారావు

ప్రకృతిలో మూలకాలు ఎన్ని ఉన్నా, ప్రాణుల దేహంలోని అణువులలో అధిక భాగం కర్బనం, ఉదజని, ఆమ్లజని, నత్రజని అనే నాలుగింటి కూర్పే. వాటి సరసన అయిదవదైన భాస్వరం చేరిన రెండు మహత్తర అణువులను వెలికి తీసినవారిలో ఆంధ్రుడైన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి, మూడవసారి మదరాసు హిందూ హైస్కూలు నుండి కృతార్థులైనారు. సోదరులిద్దరిని స్ప్రూ అనే జీర్ణవ్యాధి కబళించింది. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించిన ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు మారు ఎల్.ఎం.ఎస్. పట్టమే దక్కింది. 1922లో బోస్టన్ చేరి, రాత్రులు ఆసుపత్రిలో ఊడిగం చేస్తూ హార్వర్డులో విద్య సాగించారు.

అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. ద్రవానికి మాలిబ్డేటు, మరొక రసాయనం చేర్చితే నీలిరంగు పుడుతుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత అధికం. అయితే కండరాల రసంలో ఆ నీలం వెంటనే రాక, మెల్లమెల్లగా ముదిరేది. ఇతరులైతే పరికరాల దోషమని తోసిపుచ్చేవారేమో! వీరు ఆ ఆలస్యాన్నే పరిశోధించారు. క్రియాటిన్‌తో ముడిపడిన భాస్వరం ఆమ్లంలో క్రమంగా విడివడుతున్నదని తేలింది. అదే 1927 నాటి ఫాస్ఫోక్రియాటిన్. 1929లో ఏ.టి.పి. బయటపడింది, జర్మనీలో లోమన్ కూడా అదే యేడు దానిని స్వతంత్రంగా కనుగొన్నాడు. పది కర్బనాలు, పదహారు ఉదజనులు, అయిదు నత్రజనులు, పదమూడు ఆమ్లజనులు, మూడు భాస్వరాలు కలిసి నలుబదియేడు పరమాణువుల అణువది. జీవకణంలో శక్తిని చేరవేసేది ఆ భాస్వరపు గొలుసేనని తరువాతివారు నిరూపించారు.

ఇంతటి కృషికి హార్వర్డులో శాశ్వత స్థానం లభించలేదు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. ఆయన నాయకత్వంలో 1945లో సిద్ధించిన ఫోలిక్ ఆమ్లంలో ఉన్నవి నాలుగు మూలకాలే. సోదరులను బలిగొన్న స్ప్రూకు అదే మందైనది.

కాని కాలేయంలో ఆయన ఏండ్ల తరబడి వెదకినది మొండి రక్తహీనతకు విరుగుడు. అది బి12 విటమిన్. ఆ నాలుగు మూలకాలతోపాటు భాస్వరం, కోబాల్టు కూడా కలిగిన ఆరు మూలకాల అణువది. 1948లో దానిని ఎర్రని స్ఫటికాలుగా వేరుచేసినవారు వేరొకరు. ఆ యేడే ఆగస్టులో, స్వదేశానికి మరలిరాకుండానే, సుబ్బారావుగారు న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో కన్నుమూశారు.