ఏడడుగుల గొట్టం

ఏడడుగులు అనగానే మనకు పెళ్లి గుర్తొస్తుంది. ఫ్లోరిడాలో నీటి గుహల్లో ఈదేవాళ్లకు మాత్రం ఒక రబ్బరు గొట్టం గుర్తొస్తుంది. ఆ గొట్టం వెనకున్న ఆలోచనను జనానికి అలవాటు చేసినవాళ్లలో ఒక లెక్కల మాస్టారు ఉన్నాడు. పేరు షెక్ ఎక్స్‌లీ.

1949 ఏప్రిల్ 1న జాక్సన్‌విల్‌లో పుట్టాడు. 1965లో, పదహారేళ్లప్పుడు, డైవింగ్ మొదలుపెట్టి అదే ఏడాది మొదటి గుహలోకి దిగాడు. ఇరవైమూడేళ్లకే వెయ్యి గుహ డైవులు పూర్తి చేశాడు. బతుకుతెరువు మాత్రం లైవ్ ఓక్ అనే ఊళ్లో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పడం.

మన వరంగల్ చుట్టుపక్కల వ్యవసాయ బావుల్లో ఈత నేర్చుకున్నవాళ్లకు ఒక ధైర్యం ఉంటుంది. ఊపిరాడకపోతే కాళ్లు కొట్టి పైకొస్తే చాలు, ఆకాశం కనిపిస్తుంది. నీటి గుహలో పైన ఉండేది రాయి. ఎంత దూరం లోపలికి పోతే అంత దూరం వెనక్కి ఈదాల్సిందే. మధ్యలో గాలి అయిపోతే పక్కవాడి సిలిండరే దిక్కు.

తొలిరోజుల్లో ఒక్కొక్కరికి నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్ ఒకటే ఉండేది. ఇద్దరూ దాన్నే మార్చి మార్చి పీల్చుకోవాలి. స్విమ్మింగ్ పూల్‌లో బాగానే కుదురుతుంది. చీకట్లో, బురద లేచిన నీళ్లలో, ప్రాణభయంతో ఉన్నవాడు ఒకసారి అందుకున్నాక తిరిగి ఇస్తాడా? అందుకే అదే సిలిండర్‌కు ఇంకో గొట్టం, ఇంకో రెగ్యులేటర్. డైవర్లు దాన్ని ఆక్టోపస్ అంటారు. దాన్ని అందరూ వాడేలా చేయడంలో ఎక్స్‌లీ పాత్ర పెద్దది.

అసలు డిజైన్ సమస్య ఇక్కడే మొదలవుతుంది. మీటరు పొడవు గొట్టంతో ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని పైకి రావచ్చు. ఇరుకు సొరంగంలో పక్కపక్కన పట్టరు, ఒకరి వెనక ఒకరు రావాలి. అందుకే గుహ డైవర్లు ఏడడుగుల గొట్టానికి, అంటే 2.1 మీటర్లకు, వచ్చారు. ఇంకో చిత్రం ఏమిటంటే, ఆ పొడవు గొట్టం స్పేర్‌కి కాదు, తన నోట్లో ఉన్నదానికే పెట్టుకుంటారు. ఆపదలో ఉన్నవాడికి నోట్లోది తీసి ఇచ్చేసి, మెడకు వేలాడే పొట్టి గొట్టం రెగ్యులేటర్ తాము అందుకుంటారు. పనిచేస్తోందని గ్యారంటీ ఉన్నది నోట్లోదే మరి! నన్నడిగితే మన రిడండెన్సీ పాఠాల్లో దీన్ని మించిన ఉదాహరణ లేదు.

గొట్టం ఉంటే సరిపోదు, అందులో గాలి ఉండాలి. 1979లో ఎక్స్‌లీ రాసిన చిన్న పుస్తకం ప్రమాదాలను ఒక్కొక్కటిగా విప్పి చూపించింది. బయటిదాకా తెగని తాడు లేకపోవడం, తిరుగు ప్రయాణానికి మూడింట రెండు వంతుల గాలి దాచుకోకపోవడం, మితిమీరిన లోతు: చావులకు ప్రధాన కారణాలు ఇవేనని తేల్చింది. ఈ మూడో వంతు లెక్క వేసి చూడండి. ఇద్దరికీ మూడేసి వంతులు. లోపలికి ఒక వంతు ఖర్చు. చివరి కొసన ఒకడి గాలి మొత్తం పోయినా, రెండోవాడి దగ్గర రెండు వంతులుంటాయి, తలా ఒకటి. సరిగ్గా సరిపోతుంది, మిగిలేది సున్నా. భయంలో ఊపిరి వేగం పెరుగుతుంది కాబట్టి ఈ లెక్క నాకు కాస్త పిసినారిగానే అనిపిస్తుంది.

అంత జాగ్రత్త నేర్పినవాడికి లోతు మీద మోజు పోలేదు. 1989లో మెక్సికోలోని మాంతే గుహలో 881 అడుగులు దిగాడు. 1994 ఏప్రిల్ 6న అక్కడే జకతోన్ అనే నీటి గుంటలో వెయ్యి అడుగుల కోసం దిగాడు. జిమ్ బౌడెన్ కూడా అదే సమయంలో, వేరే తాడు పట్టుకుని దిగాడు. అంత లోతులో ఏ గొట్టమూ ఒకరి నుంచి ఒకరికి అందదు. బౌడెన్ బయటికొచ్చాడు. ఎక్స్‌లీ రాలేదు. తర్వాత తాళ్లు పైకి లాగినప్పుడు శరీరం దొరికింది. లోతు చూపే మీటరు దాదాపు 270 మీటర్ల దగ్గర ఆగింది. తాడు చేతులకు చుట్టుకుని ఉంది.