నిదానం వెదకిన వైద్యుడు ఎగాస్ మోనిజ్

‘నిదానం’ అనే మాటకు వాడుకలో మెల్లదనమని అర్థం. ఆయుర్వేదంలో మాత్రం అది వ్యాధికి మూలకారణం, ఆ కారణాన్ని నిర్ణయించే విద్య. మాధవకరుని గ్రంథం మాధవనిదానంగా ప్రసిద్ధి పొందడం అందువలననే. నిదానం ఎంత కష్టసాధ్యమో తెలియడానికి ఒక్క వ్యాధి చాలు. ఒకవైపు కంటి వెనుక దుర్భరమైన నొప్పి పుడుతుంది. కొద్ది రోజులలో రెప్ప వాలిపోతుంది. కనుగుడ్డు కదలదు. వస్తువు ఒకటే అయినా రెండుగా కనిపిస్తుంది. తరచుగా దోషం కంటిలో ఉండదు. కంటి కండరాలను నడిపించే మూడు కపాలనాడులు పుర్రె లోపల ఎక్కడో దెబ్బతిని ఉంటాయి. నూరేళ్ల క్రిందట ఆ చోటును చూపే సాధనం లేదు. ఎక్స్-కిరణాలు ఎముకను చూపేవే గాని మెదడులోని రక్తనాళాన్ని చూపేవి కావు.

ఆ కొరతను తీర్చిన ఎగాస్ మోనిజ్ 1874 నవంబరు 29న పోర్చుగల్‌లోని అవాంకా గ్రామంలో జన్మించారు. కోయింబ్రాలో వైద్యం చదివి, 1911లో లిస్బన్ విశ్వవిద్యాలయంలో నాడీవైద్య ఆచార్యులయ్యారు. పార్లమెంటు సభ్యులుగా, 1918లో విదేశాంగమంత్రిగా పనిచేసి, పారిస్ శాంతి సదస్సుకు తమ దేశ బృందానికి నాయకత్వం వహించారు. ఇతరులకైతే ఇంతటితో జీవితం సార్థకమనిపించేది. ఆయన అసలు కృషి యాభై ఏళ్లు దాటిన తరువాత మొదలైంది.

ఎక్స్-కిరణాలను అడ్డగించే ద్రవాన్ని మెడలోని ధమనిలోనికి ఎక్కిస్తే మెదడు రక్తనాళాలు చిత్రంలో కనబడతాయని ఆయన ఊహించారు. కీళ్లవాతంతో చేతులు వంకరపోయినందున సూది పట్టే పని శిష్యుడు అల్మేదా లిమా చేసేవారు. మొదట వాడిన స్ట్రాన్షియం బ్రోమైడు వికటించి ఒక రోగి మరణించాడు. ప్రయోగం ఆగిపోయింది. తిరిగి ప్రారంభించినప్పుడు సోడియం అయొడైడు ద్రావణాన్ని ఎంచుకున్నారు. 1927 జూన్ 28న పీయూషగ్రంథి కణితి ఉన్న ఒక యువకుని మెదడు ధమనులు స్పష్టంగా చిత్రంలో వెలిశాయి. నేడు గుండెజబ్బు పేరుతో అందరికీ పరిచితమైన యాంజియోగ్రామ్‌కు ఈ మెదడు పరీక్ష పూర్వరూపమని చాలామంది ఎరుగరు.

1933లో మోనిజ్ మెదడు ధమనిలోని ఉబ్బును ఇదే పద్ధతిలో చూపగలిగారు. అటువంటి ఉబ్బు మూడవ కపాలనాడిని నొక్కితే నొప్పితో రెప్ప వాలి, కనుపాప పెద్దదవుతుంది. ఉబ్బు పగిలితే ప్రాణాపాయం. అయితే చిత్రం కనబడినంత మాత్రాన కారణం తేలుతుందా? 1954లో బార్సిలోనా వైద్యుడు ఎడ్వర్డో టొలోసా ఇటువంటి రోగి ఒకరికి యాంజియోగ్రామ్ తీయగా ధమని సన్నబడినట్లు కనిపించింది. శస్త్రచికిత్సలో ఏమీ దొరకలేదు. రోగి మరణించిన పిదప పరీక్షిస్తే ధమని చుట్టూ వాపుతో కూడిన కణజాలం అల్లుకొని ఉంది. 1961లో అమెరికా వైద్యుడు విలియం హంట్, ఆయన సహచరులు మరో ఆరుగురు రోగులను వర్ణించారు. ఆ వ్యాధికే టొలోసా-హంట్ సిండ్రోమ్ అని పేరు.

దానికి స్టెరాయిడ్ మందు అద్భుతంగా పనిచేస్తుంది. 2021లో కోవిడ్ వెంట వచ్చిన బ్లాక్ ఫంగస్‌లోనూ కన్ను ఇలాగే నొప్పితో స్తంభించేది. అక్కడ అదే స్టెరాయిడ్ శిలీంధ్రానికి బలమిస్తుంది. మధుమేహం, కణితులు కూడా ఇవే లక్షణాలు చూపగలవు. కనుక మిగిలిన కారణాలన్నీ కాదని తేలిన తరువాతనే టొలోసా-హంట్ పేరు చెప్పాలి. ఖమ్మం జిల్లా వేంసూరు వంటి అడవి అంచు గ్రామాలలో మరొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. రాత్రి నేలమీద పడుకున్నవారికి తెల్లవారేసరికి కంటినొప్పి లేకుండా రెండు రెప్పలూ వాలితే, గాటు కనబడకున్నా కట్లపాము కాటేమోనని ముందుగా అనుమానించాలి.

ఇంత జాగ్రత్త నేర్పిన మోనిజ్ తానే ఒకచోట దానిని విస్మరించారు. 1935లో మానసిక రోగుల మెదడులోని తంతువులను ఖండించే చికిత్సను ప్రవేశపెట్టారు. ఆ రోగాలకు మూలమేదో అప్పటికి తెలియదు. 1949లో నోబెల్ బహుమతి లభించింది ఆ చికిత్సకే గాని యాంజియోగ్రఫీకి కాదు. అనేకుల వ్యక్తిత్వాన్ని హరించిన ఆ పద్ధతిని తరువాతి వైద్యలోకం విడిచిపెట్టింది. టొలోసా వ్యాసం వెలువడిన మరుసటి ఏడు, 1955 డిసెంబరు 13న, మోనిజ్ లిస్బన్‌లో కన్నుమూశారు.