లియో కానర్

మనలో చాలామందికి మూడు నాలుగేళ్లకోసారి ఊరు మారుతుంది. టాటానగర్ స్టేషన్‌లో దిగినప్పుడు సామానుతోపాటు టీసీ కూడా దిగుతుంది. పాత బడి రాసిన మాటతోనే జంషెడ్‌పూర్‌లో కొత్త బడి మనల్ని మొదట చూస్తుంది. పిల్లల మీద పడి వదలని మాటల్లో మందబుద్ధి ఒకటి. ఆ మాటను నమ్మేసి ఊరుకోని వైద్యుడు లియో కానర్.

ఆయన 1894లో, నేటి ఉక్రెయిన్‌లోని ఒక పల్లెలో, యూదు కుటుంబంలో పుట్టారు. బెర్లిన్‌లో వైద్యం చదివి 1924లో అమెరికా చేరారు (ఆయనకూ ఊళ్లు మారడం తప్పలేదు!). 1930లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో పిల్లల మానసిక వైద్య విభాగం ప్రారంభించారు.

ఆ ఊరి దగ్గర రోజ్‌వుడ్ అనే సంస్థలో బుద్ధిమాంద్యం ఉన్నవారిని ఉంచేవారు. కొందరు సంపన్నులు అక్కడి ఆడపిల్లలను కోర్టు ద్వారా విడిపించి, జీతం లేని పనిమనుషులుగా పెట్టుకున్నారు. అక్కర తీరాక వదిలేశారు. అలా బయటికొచ్చిన 166 మంది సంగతి ఆరా తీయించి, కానర్ ఆ అన్యాయాన్ని లోకానికి చెప్పారు. ఆయన జీవితంలో మాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే.

1938లో మిసిసిపీ రాష్ట్రం నుంచి డొనాల్డ్ అనే అయిదేళ్ల బాలుడు వచ్చాడు. వాళ్ల నాన్న ముందే 33 పేజీల ఉత్తరం రాశారు. ఆ పిల్లవాడు రెండున్నరేళ్లకే ప్రార్థనలు, ప్రశ్నోత్తరాలు అప్పజెప్పేవాడు. కానీ నేను అనవలసిన చోట నువ్వు అనేవాడు; ఎవరొచ్చినా పట్టించుకోక, వస్తువులను గిరగిరా తిప్పుతూ కూర్చునేవాడు. ఇలాంటి 11 మంది పిల్లల గురించి కానర్ 1943లో వ్యాసం ప్రచురించారు. వీరిది వట్టి బుద్ధిమాంద్యం కాదు, వేరే స్థితి అన్నారు. అదే ఆటిజం.

అయితే ఈ పిల్లలందరిలో మంచి తెలివి దాగి ఉందని ఆయన కాస్త ఎక్కువగానే నమ్మారు. ఆటిజం నలుగురితో కలవడానికి, మాటామంతికీ సంబంధించినది. బుద్ధిమాంద్యం నేర్చుకోవడానికి, రోజువారీ పనులు చేసుకోవడానికి సంబంధించినది. రెండూ వేరైనా ఒకే బిడ్డలో ఉండవచ్చు. అమెరికా లెక్కల్లో ఆటిజం ఉన్న పిల్లల్లో మూడోవంతుకు పైగా అలాంటివారే. మాట రాని బిడ్డకు మాటలతో పరీక్ష పెడితే మాత్రం లేని మాంద్యం కూడా ఉన్నట్టే తేలుతుంది! మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని బుద్ధిమాంద్యం శీర్షిక కిందే చేర్చినా, దానికి విడిగా నిర్వచనం ఇచ్చింది.

కానర్ 1981లో కన్నుమూశారు. డొనాల్డ్ కాలేజీ చదువు ముగించి, సొంత ఊరి బ్యాంకులో పనిచేశాడు, కారు నడిపాడు, దేశాలు తిరిగాడు. ఆ 11 మందిలో కొందరి జీవితం మాత్రం పెద్ద పెద్ద ఆసుపత్రుల్లోనే గడిచిపోయింది. చిన్నప్పుడు వాళ్లకున్న జ్ఞాపకశక్తి కూడా అక్కడే అణగారిపోయిందని 1971లో కానరే రాశారు.