క్లారా షార్ట్‌రిడ్జ్ ఫోల్ట్జ్

క్లారా షార్ట్‌రిడ్జ్ ఫోల్ట్జ్ (జూలై 16, 1849 - సెప్టెంబరు 2, 1934) అమెరికాకు చెందిన న్యాయవాది, సంఘ సంస్కర్త. కాలిఫోర్నియా రాష్ట్రంలో న్యాయవాదిగా నమోదైన మొదటి మహిళ. నేరారోపణకు గురైన పేదల తరఫున వాదించుటకు ప్రభుత్వమే జీతమిచ్చి న్యాయవాదిని నియమించవలెనన్న పబ్లిక్ డిఫెండర్ విధానానికి ఈమెను ఆద్యురాలిగా పరిగణిస్తారు.

బాల్యం, వివాహం

క్లారా ఇండియానా రాష్ట్రంలో జన్మించింది. తండ్రి ఎలియాస్ షార్ట్‌రిడ్జ్ మతబోధకుడు. తరువాతి కాలంలో అమెరికా సెనేట్ సభ్యుడైన శామ్యూల్ షార్ట్‌రిడ్జ్ ఈమె సోదరుడు. అయోవా రాష్ట్రంలోని మౌంట్ ప్లెజెంట్‌లో కొంతకాలం చదువుకొని, 15వ ఏట జెరెమయా ఫోల్ట్జ్ అనే సైనికుని వివాహమాడింది. వారికి ఐదుగురు సంతానం. 1870 దశకంలో ఈ కుటుంబం కాలిఫోర్నియాలోని శాన్ హోసేకు చేరింది. భర్త విడిచి వెళ్ళడంతో పిల్లల పోషణ భారం క్లారాపై పడింది. స్త్రీల ఓటు హక్కుపై ఉపన్యాసాలిచ్చి సంపాదిస్తూ, ఒక న్యాయవాది కార్యాలయంలో న్యాయశాస్త్రం అభ్యసించింది.

న్యాయవాద వృత్తిలో ప్రవేశం

నాటి కాలిఫోర్నియా చట్టం ప్రకారం తెల్లజాతి పురుషులు మాత్రమే న్యాయవాదులు కాగలరు. ఆ మాటలను తొలగించి "వ్యక్తి" అన్న పదం చేర్చే బిల్లును క్లారా స్వయంగా రూపొందించింది. 1878లో అది చట్టమైంది. అదే సంవత్సరం సెప్టెంబరులో ఆమె పరీక్షలో ఉత్తీర్ణురాలై న్యాయవాదిగా నమోదయింది.

1879లో శాన్ ఫ్రాన్సిస్కోలోని హేస్టింగ్స్ న్యాయ కళాశాల, స్త్రీ అన్న కారణంతో ఆమెకు ప్రవేశం నిరాకరించింది. లారా డి ఫోర్స్ గోర్డన్‌తో కలిసి ఆమె కళాశాలపై వ్యాజ్యం వేసి, తన వాదన తానే వినిపించింది. రాష్ట్ర సుప్రీంకోర్టు అదే ఏడాది డిసెంబరులో స్త్రీలకు అనుకూలంగా తీర్పునిచ్చింది. అయితే ఆర్థిక ఇబ్బందుల వలన ఆమె ఆ చదువు పూర్తి చేయలేకపోయింది.

పబ్లిక్ డిఫెండర్ ఉద్యమం

వృత్తి ఆరంభంలో క్లారా వద్దకు వచ్చినవారిలో పేదలు అధికం. వకీలును పెట్టుకొనే స్తోమత లేని ముద్దాయికి న్యాయస్థానం ఎవరో ఒకరిని నియమించేది. ఆ పనికి ప్రతిఫలం ఉండేది కాదు. కనుక అనుభవం లేనివారో, శ్రద్ధ లేనివారో ఆ బాధ్యత స్వీకరించేవారు. ఎదుటి పక్షాన మాత్రం ప్రభుత్వ జీతంతో, ప్రభుత్వ వనరులతో పనిచేసే ప్రాసిక్యూటర్ ఉండేవాడు. నేరం రుజువయ్యే వరకు ముద్దాయిని నిర్దోషిగా భావించవలెనన్న సూత్రం ఈ అసమానత వలన నిరర్థకమవుతున్నదని ఆమె గ్రహించింది. నేరారోపణ చేయుటకు ఖర్చు పెట్టే ప్రభుత్వం, రక్షణకూ ఖర్చు పెట్టవలెనన్నది ఆమె వాదన సారాంశం.

1893లో షికాగో ప్రపంచ ప్రదర్శన సందర్భంగా జరిగిన న్యాయ సంస్కరణల మహాసభలో ఈ ప్రతిపాదనను వివరించింది. తరువాత ముసాయిదా బిల్లు తయారుచేసి అనేక రాష్ట్రాల శాసనసభలలో ప్రవేశపెట్టించింది. లాస్ ఏంజెలెస్ కౌంటీలో 1914 జనవరిలో పబ్లిక్ డిఫెండర్ కార్యాలయం పని ప్రారంభించింది. వాల్టన్ వుడ్ తొలి డిఫెండర్. 1921లో కాలిఫోర్నియా రాష్ట్రం ఇందుకు చట్టం చేసింది. అదే సంవత్సరం శాన్ ఫ్రాన్సిస్కోలోనూ కార్యాలయం ఏర్పడింది. అక్కడ ఈ పదవికి ఓటర్లే ఎన్నుకుంటారు. ఫ్లోరిడా, టెనెసీ రాష్ట్రాలలోనూ ఇది ఎన్నిక ద్వారా లభించే పదవి.

ఇతర సేవలు

ఖైదీలకు పెరోల్ సౌకర్యం కొరకు, బాల నేరస్థులను పెద్దల నుండి వేరుగా ఉంచుట కొరకు క్లారా కృషి చేసింది. 1887లో శాన్ డియాగోలో "బీ" అనే పత్రికను స్థాపించింది. 1906 భూకంపం తరువాత శాన్ ఫ్రాన్సిస్కో నుండి లాస్ ఏంజెలెస్‌కు తరలివెళ్ళి, 1910లో అక్కడ డిప్యూటీ డిస్ట్రిక్ట్ అటార్నీగా నియమితురాలైంది. ఆ పదవి పొందిన తొలి మహిళ ఆమెయే. 1911లో కాలిఫోర్నియా స్త్రీలకు ఓటు హక్కు లభించిన ఉద్యమంలోనూ పాల్గొన్నది.

చివరి రోజులు, గుర్తింపు

1930లో, 81 ఏళ్ళ వయసులో, గవర్నర్ పదవికై రిపబ్లికన్ పార్టీ ప్రాథమిక ఎన్నికలో పోటీచేసి ఓడిపోయింది. 1934లో లాస్ ఏంజెలెస్‌లో మరణించింది. ప్రవేశం నిరాకరించిన హేస్టింగ్స్ కళాశాల 1991లో మరణానంతరం ఆమెకు పట్టా ప్రదానం చేసింది. 2002లో లాస్ ఏంజెలెస్ క్రిమినల్ కోర్టుల భవనానికి ఆమె పేరు పెట్టారు. పేద ముద్దాయికి న్యాయవాదిని సమకూర్చుట రాష్ట్రాల బాధ్యత అని అమెరికా సుప్రీంకోర్టు 1963లో గిడియన్ కేసులో తీర్పునిచ్చింది. అప్పటికి క్లారా షికాగోలో ఈ ప్రతిపాదన చేసి 70 సంవత్సరాలు గడిచాయి.